పుల్లలు గుచ్చిన కప్పలు

రాతలో నాకు నత్తి లేదు. ఇదంతా కూర్చుని రాస్తున్నది అందుకే. నోటితో చెప్పాల్సి వస్తే రెండో వాక్యం దగ్గరే మీరు నా మాట అందుకుని, పాపం సాయం చేస్తున్నామనుకుని, మీకు తోచిన ముగింపు పెట్టేసి ఉండేవారు.

శ్రీకాకుళంలో నాదొక చిన్న డిజైనింగు షాపు. పెళ్లికార్డులు, ఓణీల ఫంక్షను ఫ్లెక్సీలు, మందుల షాపుల బోర్డులు గీసుకుంటూ బతుకుతున్నాను. చేతిపని గురించి ఎవరూ వంక పెట్టరు. చిక్కంతా మాటతోనే. "కా... కా..." అని నేను తడుముకుంటుంటే "కాఫీయా? ఇప్పుడే తాగొచ్చామండి" అంటారు. నేను అడగబోయింది కార్డు సైజు. నా మాటను ఇంకొకరు పూర్తి చేస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కానీ కోప్పడాలన్నా మాటలే కావాలి కదా, అందుకని పళ్లు బిగించి ఊరుకుంటాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా నాన్న అనేవారు. నా నోరు మంచిదే, కాస్త ఆలస్యంగా వస్తుందంతే.

ఒకప్పుడు టీచరు అవుదామనుకున్నాను. అనుకోవడమేమిటి, ట్రైనింగు కూడా పూర్తి చేశాను. విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూలువాళ్లు డెమో క్లాసుకు రమ్మన్నారు. పాఠం త్రికోణాలు. బోర్డు మీద చక్కని త్రికోణం గీసి, పిల్లల వైపు తిరిగి, "త్రి..." దగ్గర ఆగిపోయాను. ఇంకో రెండుసార్లు "త్రి... త్రి..." అన్నానో లేదో ముందు బెంచీలోంచి "త్రిశూలం!" అని కేక. వెనకనుంచి "త్రివర్ణ పతాకం!" ఇంకెవడో "త్రిఫల చూర్ణం!" అన్నాడు. క్లాసంతా పొడుపుకథల పోటీ అయిపోయింది. వాళ్ల తప్పేమీ లేదు. ఖాళీలు పూరించుము అని ఒకటో తరగతి నుంచీ వాళ్లకు నేర్పింది మనమే. ఆ రోజు గేటు దాటాక మళ్లీ ఏ క్లాసురూములోనూ కాలు పెట్టలేదు. ఇరవై రెండేళ్లు. మా అబ్బాయి స్కూల్లో మీటింగులు పెడితే కూడా మా ఆవిడే వెళ్లేది.

ఇలాంటివాడికి మొన్నామధ్య మా చెల్లి ఫోను చేసింది. తను పాతపట్నం అవతల, కొండల కింద ఒక సర్కారు బడిలో టీచరు. పదిమంది మాటలు ఒక్కతే మాట్లాడుతుంది. నా వాటా కూడా దానికే వెళ్లిపోయిందని మా అమ్మ అనేది.

"అన్నియ్యా, ఒక పనుంది. కాదనకు. మా బడులన్నిటికీ కలిపి సేతిపనుల రోజు పెడతన్నారు. గుంటలకి కాయితంతో కప్పని సెయ్యడం నేర్పాల. ఎగిరే కప్ప. ఎలా మడవాలో బొమ్మలేసి ఒక కాయితం తయారుసెయ్యి. అందులో ఒక్క అచ్చరం ఉండకూడదు."

ఎందుకని అడగబోయాను. నేను "ఎం..." అనేలోపే అందుకుంది.

"ఎందుకేటి? మా క్లాసులో సగంమంది తెలుగు, కొంతమంది ఒడియా, కొండమీంచి వచ్చినోలు సవర. ఏ బాసలో రాత్తావు? అందుకని బొమ్మలే. ఇంకో రూలున్నాది. టీసరు నోరిప్పకూడదంట. బొమ్మలు సూసి గుంటలే సేసుకోవాల. అలాగ సేత్తే ఆ కాయితం మిగతా బడులన్నిటికీ పంపుతామని మా బడులన్నిటిమీదా పెద్ద, కాంప్లెక్సు హెడ్మాస్టరుగారు అన్నారు."

బాగానే ఉంది, గీసి పంపుతానన్నాను. అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది.

"పంపడం కాదు. పరీచ్చ రోజు నువ్వే వచ్చి క్లాసులో నిలబడాల. మా టీసర్లు నలపై నిమిసాలు నోరు మూసుకుని ఉండగలరేటి? నానుండగలనా? ఒక్కడు తప్పు మడిస్తే 'అలాగ్గాదురా' అని అరిసేత్తాను. నువ్వయితే సరీగ్గా సరిపోతావు."

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ మాటకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ తర్వాత గుండె దడదడ కొట్టుకోవడం మొదలెట్టింది. భయం కాదు, ఆనందం! మాట్లాడక్కర్లేని క్లాసు! మాట్లాడకూడదని రూలే ఉన్న క్లాసు! నేను పిల్లల ముందు నిలబడి, వాళ్లకు తెలియనిది వాళ్లతో చేయించి, నోరు విప్పకుండా బయటికి రావచ్చు. ఇరవై రెండేళ్ల కిందట ఆ గేటు దగ్గర వదిలేసింది ఒక్క పీరియడైనా దొరుకుతుంది. కాగితం పనిచేస్తే నేనూ టీచరునే. పనిచేయకపోతే, ముప్పై ఎనిమిది మంది పిల్లల ముందు మళ్లీ ఒక బొమ్మ గీసుకుని గుడ్లప్పగించి నిలబడతాను.

వారంలో గీసి పారేశాను. పన్నెండు బొమ్మలు. మడత పెట్టాల్సిన చోట చుక్కల్లాంటి తెగిన గీత, ఎటు మడవాలో బాణం గుర్తు. పుస్తకాల్లో అందరూ చేసేది అదే. గీతలు కొలిచి గీశాను, బాణాలకు వంపులు తిప్పాను. మా ఆవిడ చేతికిచ్చి చేయమంటే గడగడా చేసేసింది. కప్ప టేబులు మీంచి ఎగిరి అట్లపెనంలో పడింది. నేను చంకలు గుద్దుకున్నాను. తను అప్పటికే వారంరోజులుగా నా చేతులు కప్పను మడవడం పదిసార్లు చూసి ఉందన్న సంగతి నా మట్టిబుర్రకు తట్టలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

బస్సు పార్సిలులో కాపీలు పంపాను. ముందు ఒక క్లాసుకిచ్చి చూస్తానంది చెల్లి. మర్నాడు మధ్యాహ్నం ఫోనులో ఫొటో వచ్చింది. తెరిచి చూసి నేను కుర్చీలోంచి లేచిపోయాను.

కాగితాలు మడవలేదు. కుట్టారు! నేను తెగిన గీత గీసిన ప్రతిచోటా కాగితంలోంచి చీపురు పుల్లలు గుచ్చి, పైకీ కిందికీ తీసి, చివర తుంచేశారు. ఎంత ముచ్చటైన కుట్టు అనుకున్నారు! ఒక్క పుల్ల వంకర లేదు. ముప్పై చిల్లర కాగితాలు, వేటిలోనూ కప్ప లేదు. ఉన్నా అది ఎగరదు, కాళ్లూ నడుమూ పుల్లలతో బిగించేసి ఉన్నాయి కదా.

నాకు ఒళ్లు మండిపోయింది. చెల్లికి ఫోను చేసి, ఎవరు చెప్పారే కుట్టమని, అని అరిచాను. కోపంలో నాకు నత్తి కొంచెం తగ్గుతుంది.

"నువ్వే సెప్పావు," అంది. "ఆ గీతలు గీసింది నువ్వు కాదేటి? ఇక్కడ ఇంటింటికీ అడ్డాకు విస్తళ్లు కుడతారన్నియ్యా. గుంటలు నడక రాగానే పుల్ల పడతారు. తెగిన గీత అగుపడితే కుట్టు అనే అనుకుంటారు. నాను పక్కనే ఉన్నాను. నోరు మూసుకుని సూస్తా ఉన్నాను. రూలు సెప్పినట్టే!"

చెప్పొద్దూ, అప్పుడు నా కోపం ఉన్నట్టుండి దిగిపోయింది. ఫొటో మళ్లీ చూశాను. వాళ్లు అల్లరి చేయలేదు. పరాకు పడలేదు. నా కాగితాన్ని చాలా శ్రద్ధగా చదివారు. నేను ఖాళీ వదిలిన చోట వాళ్లకు తెలిసినది పెట్టి పూర్తి చేశారు. అచ్చం నా మాటను జనం పూర్తి చేసినట్టే. అయితే ఈసారి ఖాళీ వదిలింది నా నోరు కాదు, నా చెయ్యి. నోటిని మార్చలేను గాని గీతను ఎందుకు మార్చలేను? ఆ ఆలోచన వచ్చాక ఇంక కుదురుగా కూర్చోలేకపోయాను. ఆదివారం దాకా ఎలా ఆగానో నాకే తెలియదు.

ఆదివారం పొద్దున్నే పాతపట్నం బస్సెక్కాను. అక్కడినుంచి ఆటో. ఆ కుట్టు పిల్లలకు ఎలా అబ్బుతుందో చూడాలన్నానని చెల్లి నన్ను తిన్నగా వాళ్ల బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఇంటికి తీసుకెళ్లింది. అరవై ఏళ్లుంటాయి. వీధి అరుగు మీద అడ్డాకుల కట్ట ముందేసుకుని విస్తళ్లు కుడుతోంది. చెల్లిని చూసి "రండమ్మా" అంది గాని చెయ్యి ఆపలేదు. ఆకు మీద ఆకు పెట్టి, సన్నటి పుల్ల గుచ్చి, తీసి, తుంచి, మళ్లీ ఆకు. పక్కన ఆమె మనవరాలు, ఏడెనిమిదేళ్ల పిల్ల, తనూ ఒకటి కుట్టుకుంటోంది.

చెల్లికి బయట ఎవరో కనిపిస్తే మాట్లాడ్డానికి వెళ్లిపోయింది. నేను అరుగు చివర కూర్చుని ఆమెను అడిగాను. పిల్లలకు ఈ పని ఎలా నేర్పుతారు, అన్నది నా ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్న బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలుసు. ఆమె నా వైపు జాలిగా చూడలేదు. తల ఊపలేదు. నా మాట అందుకోలేదు. నేను అడగడం పూర్తయ్యేలోపు నాలుగు పుల్లలు గుచ్చేసింది. అంతా అయ్యాక జవాబు చెప్పింది.

"నేర్పడానికేటున్నాది బాబూ? ఎదర ఎట్టెత్తాను. సూత్తారు, కుడతారు."

ఎదర ఏం పెడుతుందో అప్పుడు చూశాను. పిల్ల ముందు నేలమీద నాలుగు విస్తళ్లు వరసగా ఉన్నాయి. ఒకటి రెండాకులు కలిపింది. ఒకటి సగం అయింది. ఒకటి అంచు తిప్పడానికి సిద్ధంగా ఉంది. ఒకటి పూర్తయింది. పిల్ల చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడి విస్తరి ఎత్తి, తిప్పి చూసుకుని, మళ్లీ తన పనిలో పడుతోంది. 'ఇక్కడ గుచ్చు' అని ఎవరూ చెప్పడం లేదు. గుచ్చాక ఎలా ఉంటుందో ముందే కళ్లెదుట ఉంది.

నా కాగితం తీసి ఆమె చేతికిచ్చాను. దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది, కళ్లు చికిలించింది.

"ఇది కుట్టు కాదేటి?" అంది. కాదన్నాను. "మరి కుట్టులాగే ఉన్నాది. సూడండి." విస్తరి తిప్పి చూపించింది. పుల్ల పైకొచ్చిన చోట గీత, కిందికెళ్లిన చోట ఖాళీ, మళ్లీ గీత. నేను గీసిన తెగిన గీత అదే! "ఇంకోటి బాబూ. మీ కప్పకి ముకమేటో యీపేటో తెల్దు."

నాకు అర్థం కాలేదు. ఆమె ఒక అడ్డాకు నా చేతిలో పెట్టింది. ఒక వైపు ముదురాకుపచ్చ, నున్నగా. తిప్పితే పాలిపోయి, ఈనెలు తేలి. "ఇది ముకం, ఇది యీపు. ఏ పక్కకి తిప్పినావో ఆకే సెప్తాది. మీ కాయితం రెండు పక్కలా తెలుపే. మడిసినారో మడవలేదో గుంటలకి ఎలాగ తెలుత్తాది?"

ఆ అరుగు మీదనుంచి లేచి ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. "ఏటి బాబూ, ఈ పాటిదానికి," అని నవ్వింది. ఇరవై ఏళ్లుగా కాగితాలతో బతుకుతున్నవాణ్ణి. కాగితానికి ముఖం, వీపు ఉండాలని ఒక్కనాడూ అనుకోలేదు!

తిరుగు బస్సులో నాకు సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. చేతిలో ఉన్న పేపరు అంచుల నిండా బొమ్మలు గీశాను. టెక్కలి దాటేసరికి ఖాళీ చోటు అయిపోతే సంచీ మీద గీశాను. పక్కాయన నన్ను చూసి కాస్త ఎడంగా జరిగాడు.

మర్నాటినుంచి షాపులో పెళ్లిళ్లన్నీ పక్కకు పోయాయి. ముందు తెగిన గీతలన్నీ చెరిపేశాను. మడత ఎక్కడ పడాలో చూపించడం మానేసి, పడ్డాక ఎలా ఉంటుందో గీశాను. ఆకుకు మల్లే కాగితం ముఖం ముదురాకుపచ్చ, వీపు తెలుపు. మడిచినచోట తెల్లటి వీపు బయటపడి తెలిసిపోతుంది. అడుగు పొరలు పూర్తిగా కప్పేయకుండా అంచులు కొంచెం కొంచెం తొంగిచూసేలా గీశాను. ఎక్కడ నొక్కాలో అక్కడ వేళ్లు గీశాను, వేలిగోరుతో సహా. నా దగ్గర ఎవరో ఆర్డరిచ్చి వద్దన్న కాగితం కట్టలు అటకమీద పడి ఉన్నాయి. ఒక వైపు ఆకుపచ్చ, ఒక వైపు తెలుపు! వాటిని దింపినప్పుడు నేను వేసిన కేకకు ఎదురు షాపువాళ్లు తేలుకుట్టిందనుకుని పరుగెత్తుకొచ్చారు.

ఈసారి మా ఆవిడకు చూపించలేదు. పెళ్లికార్డు ప్రూఫు కోసం షాపుకొచ్చిన ప్రతివాడి చేతిలోనూ ఒక కాగితం, ఒక బొమ్మల పేజీ పెట్టి నోరు మూసుకుని కూర్చున్నాను. ఆరో బొమ్మ దాటి ఏడుకు వెళ్లలేక నలుగురు ఆగిపోయారు. అక్కడ ఇంకో బొమ్మ చేర్చాను. పదో బొమ్మ దగ్గర కప్పను తలకిందులు చేశారు. అక్కడ ఇంకోటి. పన్నెండు కాస్తా పద్నాలుగయ్యాయి. ఆ హడావిడిలో ఒక పెళ్లికూతురి తండ్రికి ఇచ్చిన ప్రూఫులో వినాయకుడి కింద, మూలన, ఆరో బొమ్మ ఉండిపోయింది.

"ఏటండీ ఇది, మా పెల్లికార్డు మీద కప్ప కాలున్నాది?" అని ఆయన కళ్లెర్రజేశాడు.

చెప్పడం నావల్ల అయ్యే పని కాదు. ఆయన చేతిలో కూడా ఆకుపచ్చ కాగితం పెట్టాను. గొణుక్కుంటూనే మొదలెట్టాడు. పది నిమిషాలకు కప్ప ఎగిరి ఆయన ఒళ్లో పడింది. పెద్దమనిషి చిన్నపిల్లాడిలా నవ్వి, వాళ్ల మనవడికి ఇస్తానని జేబులో వేసుకున్నాడు. కార్డు మీద కప్పను మాత్రం తీసేయించాడు.

పరీక్ష రోజు వచ్చింది. క్లాసురూము గుమ్మం దగ్గర నా కాళ్లు నిజంగానే ఆగాయి. సుద్ద వాసన, తడిసిన పలకల వాసన. నేలమీద చాపలేసుకుని ముప్పై ఎనిమిది మంది నా వైపే చూస్తున్నారు. కాంప్లెక్సు హెడ్మాస్టరుగారు వెనక కుర్చీలో ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మా చెల్లి వరండాలో కిటికీ దగ్గర నిలబడి, నోటికి పమిటచెంగు అడ్డం పెట్టుకుంది. మాట బయటికి దూకకుండా అన్నమాట.

లోపలికి వెళ్లాను. కాగితాలు పంచాను. నిలబడ్డాను.

మొదట గుసగుసలు. తర్వాత కాగితాలు తిప్పుకోవడం, ముఖమేదో వీపేదో చూసుకోవడం. ఎవరూ చెప్పకుండానే ముప్పై ఎనిమిది ఆకుపచ్చ ముఖాలు కిందికి తిరిగాయి, మొదటి బొమ్మలో ఉన్నట్టే! నాకు అరవాలనిపించింది. రెండో బొమ్మ. మూడో బొమ్మ. రెండు మూలలూ లోపలికి పోయి కాగితం త్రికోణమయ్యేచోటు అన్నిటికన్నా కష్టం, అక్కడ రాత్రిళ్లు నాకు నిద్ర పట్టలేదు. ఒకడు దాటాడు. పక్కవాడు వాడి చెయ్యి చూడకుండా బొమ్మ చూసే దాటాడు. గోళ్లతో మడతలు రుద్దుతున్న చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ లేదు. ఆ చప్పుడు జీవితంలో నేను విన్న చప్పుళ్లన్నిటికన్నా నాకు బాగుంది.

చివరి బొమ్మ దగ్గర పని చెడింది. కప్పకు వెనక భాగం పైకొకసారి, అందులో సగం మళ్లీ కిందికొకసారి మడవాలి. ఎగిరే బలమంతా అక్కడే. మడిచారు. వీపు మీద నొక్కారు. కప్పలు ఎగరలేదు. కొన్ని జారాయి, కొన్ని బోర్లాపడ్డాయి. ఒక్కొక్కరూ తలెత్తి నా వైపు చూడ్డం మొదలెట్టారు. హెడ్మాస్టరుగారు గడియారం చూసుకున్నారు. కిటికీ దగ్గర చెల్లి పమిటచెంగు మొత్తం నోట్లో కుక్కేసుకుంది. మడతను మరీ అణిచేశారు, కొంచెం వదులు చేయండి, అంతే. ఆ నాలుగు మాటలు నాలుక చివర ఉన్నాయి. చెబితే రూలు తప్పినట్టు, కాగితం ఓడినట్టు. చెప్పబోతే ఏమవుతుందో అది ఎలాగూ తెలుసు. మింగలేక కక్కలేక నిలబడ్డాను.

రెండో వరసలో ఒక పిల్ల ఉంది, కొండమీంచి వచ్చే పిల్ల. తన కప్పను అరచేతిలో పెట్టుకుని కంటి ఎదురుగా ఎత్తింది. చివరి బొమ్మను నేను పక్కనుంచి చూసినట్టు గీశాను. అందులో మడత తెరుచుకుని, మెట్టులాగ కనిపిస్తుంది. పిల్ల కప్పను పక్కనుంచి చూసింది, బొమ్మను చూసింది, మళ్లీ కప్పను చూసింది. వేలు దూర్చి మడతను కొంచెం పైకి లేపింది. నేలమీద పెట్టి నొక్కింది.

కప్ప ఎగిరి హెడ్మాస్టరుగారి ఫైలు మీద పడింది!

ఇంక చూడండి. అందరూ కప్పలను కళ్లెదుటికి ఎత్తడం, మడతలు లేపడం, నొక్కడం. గది నిండా ఆకుపచ్చ కప్పలు. నెత్తిమీద కప్ప, కిటికీలో కప్ప, చెల్లి జడలో కప్ప. మూడు భాషల్లో కేకలు. నేనూ కేక వేశాను, ఏమని వేశానో మాత్రం గుర్తులేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడలేదు.

హెడ్మాస్టరుగారు లేచొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

"బెమ్మాండమండీ! ఒక్క ముక్క సెప్పకుండా ఎలాగ సేసినారో సూసినారా? ఇంక ఏ బడిలోనూ ఎవురూ నిలబడి నేర్పక్కర్లేదు. ఈ కాయితం పంపిత్తే సాలు. మనిసితో పనే లేదు."

ఆనందంగా తలూపాను. ఆయన అటు తిరిగాక ఆ మాట నాకు సర్రున తగిలింది. మనిషితో పనే లేదు. నిజమే కదా! కాగితం ఎంత బాగా గీస్తే నేను అంత అక్కర్లేనివాణ్ణవుతాను. ఒక్క పీరియడు టీచరుగా ఉండటానికి ఇంత కష్టపడి, టీచరు అవసరమే లేని కాగితం తయారుచేశాను. ఇంతకన్నా తెలివితక్కువ పని ఇంకెవడైనా చేస్తాడా? నా మీద నాకే నవ్వొచ్చింది. బెల్లు కొట్టారు. మిగిలిన కాగితాలు సంచీలో సర్దుకోవడం మొదలెట్టాను.

తలెత్తి చూస్తే పిల్లలు వెళ్లలేదు. నా చుట్టూ మూగి ఉన్నారు. ఒకడి చేతిలో గోడమీంచి దించిన పాత క్యాలెండరు కాగితం. దాంతో పెద్ద కప్పను చేసేశారు, పద్నాలుగు బొమ్మలూ తు.చ. తప్పకుండా. నొక్కితే అది చతికిలబడుతోంది. ఎగరడం లేదు. బొమ్మల పేజీలో దానికి మందు లేదు.

సంచీ పక్కన పెట్టి చాపమీద కూర్చున్నాను. పెద్ద కప్పను తీసుకుని వెనక కాళ్ల దగ్గర పేజీలో లేని మడత ఒకటి అదనంగా వేశాను. నేలమీద పెట్టి నొక్కితే అది మూరెడు ఎత్తు ఎగిరింది. అందరూ కేరింతలు కొట్టారు. కానీ ఎవరూ దాన్ని పట్టుకోవడానికి పరుగెత్తలేదు.

"మాస్టారూ, అది ఎందుకు మడిసినారు?" అన్నాడు క్యాలెండరు తెచ్చినవాడు.

ఎలా అంటే చూపించగలను. ఎందుకు అన్నదానికి బొమ్మ లేదు. నా చేతుల వైపు చూశారు, అవి ఖాళీగా ఉన్నాయి. అందుకని నా నోటి వైపు చూశారు. మొదలుపెట్టాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. రెండోసారి ఆగింది. మూడోసారి కూడా. అలవాటుగా నా భుజాలు బిగుసుకున్నాయి, ఇప్పుడు ఎవరో ఒకరు అందుకుంటారని.

ఒక్కరూ అందుకోలేదు. కాగితాలు చేతుల్లో పట్టుకుని ఆగారు. అందుకోవడానికి ఆ జవాబు వాళ్లెవరికీ తెలియదు, ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. కాగితం పెద్దదైతే మెత్తబడిపోతుందని, మడత మీద మడత పడ్డచోట దానికి బలం వస్తుందని, అప్పుడే ఎగురుతుందని, ఎంతసేపు పట్టిందో గాని, మొదటి మాట నుంచి చివరి మాట దాకా నేనే చెప్పాను.